పసితొడుగు

గౌరికి మూడో కడుపు కూడా పోయింది. పోయిన రోజునే ఆమె విజయనగరంలో బస్సెక్కి విశాఖపట్నం వచ్చింది. ఒళ్ళో స్టీలు క్యారేజీ, పక్కన మొగుడు ఎర్నాయుడు. దారి పొడుగునా క్యారేజీ మీంచి చెయ్యి తియ్యలేదని అతను తర్వాత చెప్పాడు.

ఆ సమయానికి హైమవతి పరిశోధనాలయం లోపలి గదిలో అక్క కణాలకు ఆహారం పోస్తోంది.

అక్కడ పనిచేసేవాళ్ళంతా వాటిని అలాగే అంటారు, అక్క కణాలని. హైమవతి అక్క పూర్ణ, తొడలో పుట్టిన క్యాన్సర్ గడ్డతో చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆపరేషన్‌లో తీసిన గడ్డలోంచి చిటికెడు ముక్క మాత్రం ఇక్కడికి చేరి, సీసాల అడుగున అంటుకుని, ఇంకా పెరుగుతూనే ఉంది. గులాబీ రంగు ద్రవం పోస్తే తింటుంది. రెండు మూడు రోజుల్లో రెట్టింపవుతుంది. సగం పారబోసి, మిగతా సగాన్ని కొత్త సీసాల్లోకి మార్చాలి. మార్చకపోతే ఆ కణాలు ఒకదాన్నొకటి తొక్కుకుని చచ్చిపోతాయి. పూర్ణక్కకు గులాబీ రంగు నచ్చేది కాదు. ఆ సంగతి హైమవతి ఎవరికీ చెప్పలేదు.

సహాయ శాస్త్రవేత్త ప్రసన్నకుమారి తలుపు దగ్గర నిలబడింది.

"మేడమ్, గౌరి వచ్చింది. మొహం బాగాలేదు. మిమ్మల్నే రమ్మంటోంది."

హైమవతి చేతి తొడుగులు విప్పి బయటికి వచ్చింది. గౌరి బల్ల మీద కూర్చుని ఉంది. కండక్టరు ఉద్యోగపు ఖాకీ చొక్కా చీర మీద అలాగే ఉంది. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"ఈ ఒంటితో బస్సులో వచ్చావా? ఒక్క ఫోన్ చేస్తే మేమే వచ్చేవాళ్ళం కదమ్మా."

"ఫోన్ సేస్తే ఏటి సేస్తావు? ఏడుస్తావు. నాకిప్పుడు ఏడ్సేవోళ్ళు ఒద్దు, సూసేవోళ్ళు గావాల."

ఆమె క్యారేజీ గొళ్ళెం తీసింది. పై గిన్నె నిండా ఐసుముక్కలు. చేపల వాసన గుప్పుమంది. కింది గిన్నెలో మూత బిగించిన గాజు సీసా.

"రొయ్యల కంపెనీ బండోణ్ణి అడిగి ఐసు ఎయ్యించినాను. కంపు కొడతాది, ఏటనుకోకు. సీసాలో ఉప్పునీళ్ళు నర్సమ్మ పోసింది." గౌరి సీసా పైకి తీసింది. "రెండోది పోయినప్పుడు, ఎందుకిలగవుతుందమ్మా అని అడిగినాను. సూడాలంటే ఆ పోయిన ముక్క ఉండాల గదా అన్నావు. నువ్వింకేటీ అడగనేదు. నువ్వడగలేవని తెలిసింది. అందుకే నానే తెచ్చీసినాను."

హైమవతి సీసా అందుకుంది. చల్లగా ఉంది. ఎర్నాయుడు గోడకు చేరబడి నేల చూస్తున్నాడు. ఓడల మరమ్మతు షెడ్డులో వెల్డింగు చేసే మనిషి. మాట్లాడటం తక్కువ.

ప్రసన్న సీసాను లోపలికి తీసుకుపోయింది.

*

ఐదేళ్ళ కిందట గౌరిని మొదటిసారి స్ట్రెచర్ మీద ఇక్కడికి తెచ్చారు. పూర్ణక్కకు వచ్చిన గడ్డే, అదే తొడలో. అప్పటికే ఊపిరితిత్తుల్లోకి పాకింది. ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

పూర్ణక్క గడ్డ కణాల మీద హైమవతి ఒక ప్రోటీన్ కనిపెట్టింది. తల్లి కడుపులో పిండం రూపం కట్టుకునే తొలి వారాల్లో కొన్ని కణాలు దాన్ని వంటిమీద వేసుకుంటాయి. పిండం పెరిగాక విప్పేస్తాయి. ఆ తర్వాత మనిషి బతికినన్నాళ్ళూ దాని అవసరం ఉండదు. పూర్ణక్క గడ్డ మాత్రం, ఎప్పుడో మూటగట్టి అటక మీద పడేసిన పసిబట్టలు దింపుకున్నట్టు, మళ్ళీ దాన్ని తొడుక్కుంది. హైమవతి ఆ ప్రోటీన్‌కు పసితొడుగు అని పేరు పెట్టింది. దాన్ని గుర్తుపట్టి చంపే కణాలను తయారుచెయ్యడానికి ఆమెకు ఆరేళ్ళు పట్టింది. రోగి రక్తంలోని రక్షక కణాలనే బయటికి తీసి, వాటికి ఆ ఒక్క గుర్తు నేర్పి, వెచ్చటి పెట్టెలో పెంచి, తిరిగి రోగికే ఎక్కించాలి.

మందులా అరిగిపోయేవి కావవి. ఒంట్లోనే పిల్లలు పెట్టుకుంటూ బతికినంతకాలం ఉంటాయి.

గౌరికి ఇదంతా చెప్పినప్పుడు, నొప్పితో మూలుగుతూనే వింది. "తెలిసింది. టిక్కెట్టు నేనోడి కోసం బస్సెక్కే సెకింగోళ్ళు. కనబడితే దింపీడమే," అంది. అప్పట్నుంచి పరిశోధనాలయంలో అందరికీ అవి చెకింగోళ్ళే అయ్యాయి.

ఎక్కించిన మూడో నెలకు ఊపిరితిత్తులు శుభ్రపడ్డాయి. ఏడాదికి గౌరి డ్యూటీలో చేరింది. ఏటా కణాలు ఎక్కించిన రోజున మాడుగుల హల్వా పట్టుకుని వచ్చేది, రక్తం ఇచ్చి పోయేది. ప్రసన్న ఆ రోజును చెకింగోళ్ళ పుట్టినరోజు అనేది. పెళ్ళి కూడా గౌరి ఆ హల్వా పెడుతూనే చెప్పింది. పిల్లల సంగతి అడిగితే, "రెండేళ్ళు ఆగు, తర్వాత నీ ఇష్టం," అంది హైమవతి.

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. పసితొడుగు ఒంట్లో మరెక్కడా లేదని తేల్చుకోవడానికి గుండె నుంచి గోళ్ళ కింది చర్మం దాకా పరీక్షించారు. మావిని కూడా చూశారు. పెద్ద ప్రసూతి ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లులు నవ్వుతూ ఇచ్చిన మావి ముక్కలు అవి. ఒక్కదానిలోనూ పసితొడుగు లేదు. తల్లి రక్తంలోని కణాలకూ బిడ్డకూ మధ్య మావి గోడలా ఉంటుంది కాబట్టి ఇక భయం లేదనుకున్నారు.

తొలి నెలల మావి కూడా చూస్తే బాగుంటుందని ప్రసన్న అప్పుడే అంది. అది దొరికేది కడుపు పోయినవాళ్ళ దగ్గరే. ఇద్దరూ కలిసి ఆ వార్డుకు వెళ్ళారు. తలుపు దగ్గరి మంచం మీద ఒకామె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన స్టూలు మీద ఎవరూ తాగని టీ తొరక కట్టి ఉంది. నర్సు మరియమ్మ ఎదురొచ్చి, "ఇప్పుడొద్దమ్మా. ఈళ్ళనేటి అడుగుతారు?" అంది. నిజమే కదా అనుకున్నారు. బిడ్డ పోయిన మనిషి ముందు కాగితం పెట్టి సంతకం అడగడానికి ఇద్దరికీ నోరు రాలేదు. వెనక్కి వచ్చేశారు. ఎలాగూ కాన్పు నాటి మావి శుభ్రంగా ఉందిగా అని సర్దిచెప్పుకున్నారు. ఆ తర్వాత ఆ వార్డు ఊసు ఎవరూ ఎత్తలేదు.

*

గౌరి తెచ్చిన ముక్కను పల్చటి పొరలుగా కోసి రంగు వేశారు. పసితొడుగు ఉంటే ఆకుపచ్చగా వెలుగుతుంది. చెకింగోళ్ళు ఎర్రగా కనిపిస్తారు.

ప్రసన్న సూక్ష్మదర్శిని ముందునుంచి లేచి కుర్చీ వదిలింది. హైమవతి కూర్చుని కన్ను ఆనించింది.

తోటలో చిగుళ్ళలా ఆకుపచ్చ. మావి తొలి వేళ్ళు తల్లి గోడలోకి దిగుతున్న చోటల్లా ఆకుపచ్చ. ప్రతి చిగురు చుట్టూ ఎర్ర చుక్కలు మూగి ఉన్నాయి. కొన్ని చోట్ల ఆకుపచ్చ మిగల్లేదు, ఎరుపే ఉంది.

పోల్చి చూడటానికి ప్రసన్న పూర్ణక్క గడ్డ పొర అంటించిన గాజు పలకను కూడా పక్కన పెట్టింది. ఎర్ర చుక్కలు లేకపోతే, చీటీ చూస్తే తప్ప ఏది ఏదో తెలిసేది కాదు.

"వాళ్ళ తప్పు లేదు మేడమ్," అంది ప్రసన్న. "మనం నేర్పిందే చేశారు."

హైమవతి లేచి చేతులు కడుక్కుంది. తుడుచుకుని, రెండు అడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ కడుక్కుంది.

మరునాడే ఆమె కొత్తవాళ్ళకు కణాలు ఎక్కించడం ఆపించింది. ముందే ఎక్కించుకున్న ఆడపిల్లలందరికీ తనే ఫోన్ చేసి చెప్పింది. వరసలో ఉన్న పిల్లల్లో పాడేరు వైపు అమ్మాయి ఒకతె ఉంది. ఆమె తల్లి ఫోన్‌లో, "పిల్లలు పుట్టకపోతే పోనీండమ్మా, ముందు నా పిల్లని బతికించండి," అని ఒకటే ఏడుపు. వైద్య నీతి సంఘం వాళ్ళు ఆ పిల్లకు మాత్రం, అంతా వివరంగా చెప్పి, ఎక్కించడానికి ఒప్పుకున్నారు. అది సరైనదో కాదో హైమవతికి తెలియలేదు. ఒక చోట కూర్చోలేకపోయింది. ఆఫీసు గదిలోంచి వెచ్చటి పెట్టెల దగ్గరికీ, అక్కణ్ణుంచి మేడ మీదికీ తిరిగింది. ఎక్కడికి వెళ్ళినా సముద్రం హోరు వినిపించింది.

గౌరికి చెప్పడానికి ఆమె డిపోకు వెళ్ళింది. విశ్రాంతి గదిలో ఫ్యాను కింద, టిక్కెట్ల మిషను ఒళ్ళో పెట్టుకుని గౌరి మొత్తం వింది.

"అయితే నా బిడ్డ దగ్గర టిక్కెట్టు నేదేటమ్మా?"

హైమవతి తన కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుంది.

"మూడుసార్లూ ఆళ్ళేనేటి?"

"మొదటి రెండూ చూడలేదు. కానీ అవుననే అనుకుంటున్నాను."

గౌరి మిషనులోంచి ఖాళీ కాగితం కొంచెం లాగి, చించి, ఉండ చుట్టింది. "మా అత్త నా మీద ఏదో గాలి ఉందనీసి తాయెత్తు కట్టించినాది. గాలీ నేదు, ధూళీ నేదు. నన్ను బతికించినోళ్ళే." తల ఎత్తింది. "ఆళ్ళకి ఒక తాళం ఉందన్నావు, మొదట్లో. మందు ఎక్కిస్తే అందరూ ఒక్కసారే సచ్చిపోతారనీసి. ఉందా, ఉత్త మాటా?"

"ఉంది."

"అయితే ఎయ్యి."

*

ఆదివారాలు హైమవతి బావగారింటికి భోజనానికి వెళ్తుంది. విశ్వేశ్వరరావు తపాలా శాఖలో పనిచేసి విరమించాడు. పూర్ణక్క పోయాక వంట నేర్చుకున్నాడు. చారు మాత్రం ఇప్పటికీ కుదరదు. తలుపు తియ్యగానే ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"మీ అక్క ఎలా ఉంది?"

"బాగానే ఉంది బావా. పెరుగుతోంది."

"బతికున్నప్పుడు ఒక కిలో పెరగమంటే పెరగలేదు మహాతల్లి," అన్నాడాయన. ఇద్దరికీ అలవాటైన హాస్యం. ఈసారి హైమవతి నవ్వలేదు.

అన్నం కలుపుతూ గౌరి సంగతి చెప్పింది. వార్డు దాకా వెళ్ళి అడగలేక తిరిగి వచ్చామని కూడా చెప్పింది.

"ఎలా అడుగుతాం బావా? అప్పుడే పోగొట్టుకుని పడుకున్న మనిషిని."

విశ్వేశ్వరరావు చారు గిన్నె దించి కూర్చున్నాడు.

"పెళ్ళయిన కొత్తల్లో మీ అక్కకీ ఒకసారి పోయింది. నువ్వప్పుడు స్కూల్లో ఉన్నావు, నీకు చెప్పలేదు. ఎవరూ ఏమీ అనొద్దు, దాని ముందు ఆ మాట ఎత్తొద్దు అని మా అమ్మ ఇంట్లో అందరికీ చెప్పింది. మంచికే చెప్పింది. ఒక నెల తర్వాత పూర్ణ నాతో అంది. 'ఏం పోయిందో కూడా ఎవరూ అడగలేదండీ. ఏమీ పోనట్టే ఉంది' అని." ఆయన ప్లేటులో మెతుకులు ఒకచోటికి చేర్చాడు. "నాకప్పుడు ఏం చెప్పాలో తెలియలేదు. ఇప్పుడూ తెలీదు. చారులో ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది," అంది హైమవతి. సరిపోలేదు.

*

తాళం మందు ఎక్కించే రోజుకు గౌరి తలంటు పోసుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చింది. మంచం మీద కాళ్ళు చాపుకుని, పెళ్ళికి వచ్చినట్టు అందరినీ పలకరించింది. ఎర్నాయుడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అమ్మా, నాకు పిల్లలొద్దు," అన్నాడు హైమవతితో, భార్యను చూడకుండా. "ఇది ఉంటే సాలు. గావాలంటే ఎవుల్నైనా తెచ్చి పెంచుకుంటాం. నువ్వైనా సెప్పమ్మా."

"పెంచుకుంటాం, ఎవులొద్దన్నారు?" అంది గౌరి. "అది ఏరు, ఇది ఏరు. నువ్వు ఎల్లి ఆ బయట కూకో. నీ మొకం సూస్తే సీసాలో మందు కూడా భయపడతాది."

"నానేటన్నానే ఇప్పుడు?"

"ఏటీ అననేదు. అదే సెబుతున్నాను."

నర్సు ఆమె చేతికి సూది గుచ్చి గొట్టం తగిలించింది. మందు సీసా ఇంకా తగిలించలేదు. ఐదేళ్ళుగా ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. పోయిన నెల తీసిన స్కానింగులోనూ ఏమీ లేదు. ఇక చెకింగోళ్ళకు పనేముంది? సంఘంలోని డాక్టర్లు కూడా అదే అన్నారు. నిర్ణయం గౌరిదే అన్నారు.

హైమవతి సీసా చేతిలోకి తీసుకుంది. అప్పుడు ప్రసన్న వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"మేడమ్, ఒక్కసారి బయటికి రండి."

హల్వా తెచ్చిన రోజుల్లోనూ, మధ్యలో జ్వరాలు వచ్చినప్పుడూ గౌరి ఇచ్చిన రక్తం కొంచెం కొంచెం మంచుపెట్టెలో దాచి ఉంది. అప్పట్లో చెకింగోళ్ళు బతికే ఉన్నారా అని మాత్రమే చూసి వదిలేసేవారు. ప్రసన్న వారం రోజులుగా అవన్నీ కరిగించి మరో ప్రశ్న వేసింది. వాళ్ళు నిద్రపోతున్నారా, మేలుకుని ఉన్నారా? పట్టుకోవలసినవాడు కనిపిస్తేనే ఆ కణాలు మేలుకుని, రెట్టింపై, పనిలోకి దిగుతాయి. కడుపుతో ఉన్నప్పుడు మేలుకున్నాయి. అది అనుకున్నదే.

"పెళ్ళికి ముందు ఏడాది రక్తంలో కూడా మేలుకునే ఉన్నాయి," అంది ప్రసన్న. "పోయిన చలికాలంలో కూడా. అప్పుడు కడుపు లేదు."

అంటే ఏమిటో హైమవతికి అర్థమైంది. స్కానింగుకు అందనంత చిన్న చోట, ఎముకలోనో మరెక్కడో, గడ్డ ఇంకా ఉంది. తల ఎత్తినప్పుడల్లా వాళ్ళు దింపేస్తున్నారు. మళ్ళీ ఎత్తుతోంది. మళ్ళీ దింపేస్తున్నారు. ఐదేళ్ళుగా ఎవరికీ తెలియకుండా అదే పని.

గదిలోంచి గౌరి నవ్వు వినిపించింది. నర్సుకు ఏదో బస్సు కథ చెబుతోంది. లోపలికి వెళ్ళి సీసా తగిలించెయ్యాలని హైమవతికి ఒక్క క్షణం అనిపించింది. ఈ పిల్ల అడిగింది అదొక్కటే. ఇంతకాలానికి చేతిలో ఇవ్వడానికి ఒకటంటూ ఉంది. మరుక్షణం పూర్ణక్క మంచం గుర్తుకొచ్చింది. చివరి రోజుల్లో ఆ మంచం మీద దుప్పటి కప్పితే కింద మనిషి ఉన్నట్టే తెలిసేది కాదు.

ఆమె లోపలికి వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చుంది. ఎర్నాయుణ్ణి కూడా పిలిచింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"సూసినావా, నాను ముందే సెప్పినాను గదా!" అన్నాడు ఎర్నాయుడు.

"నువ్వు సెప్పింది నీ భయం. ఈయమ్మ సెప్పేది ఇవరం. నోరుముయ్యి." గౌరి హైమవతి వైపు తిరిగింది. "అయితే ఈ మందు ఎక్కితే బిడ్డ నిలబడతాది. నాను పోతాను."

"తప్పకుండా పోతావని కాదు. గడ్డ మళ్ళీ లేస్తుందని నా భయం. ఎప్పుడన్నది చెప్పలేను. కడుపుతో ఉండగానే లేవచ్చు. అప్పుడు మళ్ళీ కణాలు ఎక్కిస్తే ఆ బిడ్డనూ..."

"ఈ మందు ఎక్కించకపోతే నానుంటాను. బిడ్డుండదు."

"అవును."

"మరో దారి నేదా?"

"ఉండొచ్చు. పసితొడుగు ఒక్కటే చూసి చంపకుండా, ఇంకో గుర్తు కూడా ఉంటేనే చంపే కణాలు తయారుచెయ్యాలి. ఆ రెండో గుర్తు గడ్డ మీద ఉండాలి, తొలి నెలల మావి మీద ఉండకూడదు. అది వెతకాలంటే ఒక్క నీ ముక్క చాలదు. చాలామంది దగ్గర అడిగి తీసుకోవాలి."

"ఎన్నాళ్ళు పడతాది?"

"తెలీదు గౌరీ."

"నాకు ముప్పై దాటినాయి."

"తెలుసు."

ఎర్నాయుడు గుమ్మం వదిలి వచ్చి మంచం పట్టీ మీద కూర్చున్నాడు. గౌరి అతని చెయ్యి తోసేసింది. కాసేపటికి తనే వెతుక్కుని పట్టుకుంది.

"ఇది పీకీ," అంది నర్సుతో, సూది చూపిస్తూ. తర్వాత హైమవతితో, "మందు పారబొయ్యకు. నా పేరు రాసి ఉంచు. ఒద్దని అననేదు నాను, ఈయేల గాదన్నాను." చీర కుచ్చిళ్ళు సరిచేసుకుని లేచింది. "మరి ఆ వార్డుకి ఎప్పుడెల్తున్నావు?"

"ఏ వార్డు?"

"నువ్వు గుమ్మంలోంచి తిరిగొచ్చీసిన వార్డు. ప్రసన్నమ్మ సెప్పినాది నాకు. నానూ వస్తాను. సెలవు పెట్టీసినాను గదా, ఇంటికాడ కూకుని ఏటి సేస్తాను?"

*

ప్రసూతి ఆసుపత్రిలో ఆ వార్డు వరండా చివర ఉంది. మరియమ్మ రిటైరయింది. కొత్త నర్సు అనుమానంగా చూసి, పెద్ద డాక్టరు అనుమతి ఉందని తెలిశాక పక్కకు తప్పుకుంది. హైమవతి చేతిలో ఐసుపెట్టె.

మొదటి మంచం దగ్గర గౌరే ముందు వెళ్ళింది. "అక్కా," అని మొదలుపెట్టి నాలుగు మాటలు చెప్పిందో లేదో, ఆ మనిషి తల్లి కాబోలు, కింద చాప మీంచి లేచి, "ఏటి, మీకు పనీ పాటా నేదా? పోండి, పోండి!" అని తరిమింది. గౌరి మొహం ఎర్రబడింది. బస్సులో ఎంతమందినో గదమాయించి కూర్చోబెట్టే మనిషి, ఇక్కడ తిరిగి ఒక్క మాట అనలేకపోయింది.

"పోదాం గౌరీ. ఇంకో రోజు వద్దాం," అంది హైమవతి.

"ఇంకో రోజు కూడా ఇలగే ఉంటాది."

కిటికీ పక్క మంచం మీద చిన్న వయసు పిల్ల ఒకతె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జడ విప్పలేదు. జడలో నిన్నటి కనకాంబరాలు వాడిపోయి ఉన్నాయి. తోడు ఎవరూ లేరు. గౌరి వెళ్ళి మంచం చివర కూర్చుంది. ఏమీ అడగలేదు.

"నాకు మూడు పోనాయి," అంది కొంతసేపటికి.

ఆ పిల్ల కదల్లేదు. తర్వాత నెమ్మదిగా తల తిప్పి చూసింది.

"ఆడా మగా సెప్పినారా మీకు?"

"సెప్పనేదు."

"నాకూ సెప్పనేదు."

గౌరి తల ఊపింది. హైమవతి వైపు చూసింది. ఇక తను మాట్లాడనన్నట్టు చూపు దించుకుంది.

హైమవతి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అక్కడినుంచి మంచం దాకా నాలుగు అడుగులు కూడా లేవు. అయినా ఆ దూరం నడిచేసరికి ఆమెకు ఆయాసం వచ్చింది. ఐసుపెట్టె కింద పెట్టి, మోకాళ్ళ మీద వంగి, ఆ పిల్ల మొహానికి ఎదురుగా కూర్చుంది. బాగా తెలిసిన మాటలే. ఎన్నో సభల్లో చెప్పినవి. ఒక్కటీ పనికి రాలేదు.

"నీ పేరేంటమ్మా?"

"నూకరత్నం."

"నూకరత్నం, నీకు పోయినదాన్ని నేను చూడాలి. ఇంకొకళ్ళకు పోకుండా ఉండటానికి ఏదైనా దొరుకుతుందేమోనని. నువ్వు వద్దంటే ముట్టుకోను. ఏమీ అనుకోను."

ఆ పిల్ల ఆమెను చాలాసేపు చూసింది.

"అక్కడ గిన్నెలో ఎట్టినారు," అంది. "పారబోస్తామన్నారు. మీరు సూస్తారా?"

"చూస్తాను."

"సరిగ్గా సూడండి. ఎవులూ సూడనేదు."

హైమవతి సరేనని ఐసుపెట్టె అందుకుంది. గౌరి తన వాటర్ బాటిల్ తీసి ఆ పిల్లకు నీళ్ళు పట్టింది. వాడిన పూలు జడలోంచి మెల్లగా తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక తన కొంగులో ముడివేసుకుంది.

*

అప్పటినుంచి వారానికి ఒకరోజు వాళ్ళిద్దరూ ఆ వార్డుకు వెళ్తున్నారు. కొందరు ఇస్తారు. కొందరు తిడతారు. కొందరు ఇవ్వరు గానీ కాసేపు కూర్చోమంటారు. గౌరికి డ్యూటీ మారి రాలేని వారాల్లో హైమవతి ఒక్కతే వెళ్తుంది. గుమ్మం దగ్గర ఆమె కాళ్ళు ఇప్పటికీ ఒకసారి ఆగుతాయి.

పాడేరు పిల్ల గడ్డ తగ్గుముఖం పట్టింది. ఆ పిల్లకు ఇంకా పదిహేడేళ్ళే. పూర్ణక్క కణాలు రెండు మూడు రోజులకొకసారి రెట్టింపవుతూనే ఉన్నాయి. ఈమధ్య వాటికి గులాబీ రంగు కలపని ద్రవం పోస్తున్నారు. ఎందుకని ప్రసన్న అడిగితే, అక్కకు ఆ రంగు నచ్చేది కాదని హైమవతి చెప్పింది.

ఈసారి చెకింగోళ్ళ పుట్టినరోజుకు గౌరి హల్వా తెచ్చింది. రక్తం ఇచ్చింది. వాళ్ళు మేలుకునే ఉన్నారు.

ఆమె పేరు రాసిన మందు సీసా ఫ్రిజ్ పై అరలో ఉంది. రెండో గుర్తు ఇంకా దొరకలేదు.